కర్నూల్లో ఉండి తెరచాప పడవ పెట్టుకోవాలంటే: కొనడం, కాపాడుకోవడం, రేసుకు దిగడం

మా ఇంటి షెడ్డులో నీడ పడవకు, ఎండ కారుకు. వచ్చినవాళ్ళు ఇదేం పద్ధతి అని అడుగుతుంటారు గానీ లెక్క చాలా తేలిక. ఎండకు కారు రంగు పోతే అందం పోతుంది, అంతే. తెరచాప, తాళ్ళు ఎండకు చివికితే మాత్రం అవి తెగేది చెరువు మధ్యలో, గాలి గట్టిగా ఉన్నప్పుడే.

కర్నూల్లో ఉంటూ సొంత తెరచాప పడవ కావాలనుకుని, సముద్రం ఎక్కడో మనమెక్కడో అని ఆగిపోయినవాళ్ళ కోసం ఇది రాస్తున్నాను. అనంతపురం, కడప వాళ్ళకూ దాదాపు అంతా పనికొస్తుంది, కాకపోతే కడప వాళ్ళకు హైదరాబాద్ కన్నా చెన్నై దగ్గర. నేను ఆరేళ్ళుగా ఒక చిన్న రేసు పడవను కర్నూల్లో ఉంచుకుని హుస్సేన్ సాగర్‌లో నడుపుతున్నాను. నా పడవ నీళ్ళలో ఉండేది ఏడాదికి ముప్ఫై రోజులు, మిగతా రోజులన్నీ ఒడ్డు మీదే. అంటే పడవ యజమాని చెయ్యాల్సిన పనిలో ముప్పాతిక భాగం ఒడ్డు మీద పని, షెడ్డులో పని. ఆ పనికి సముద్రం పక్కన ఉండక్కర్లేదు, ఓపిక ఉంటే చాలు.

ఇంకో సంగతి, మన ఊరికి పడవలు కొత్తేం కాదు. సుంకేసుల నుంచి వచ్చే కె.సి. కెనాల్‌ను 1860లలో తవ్వినప్పుడు సాగునీటికే కాదు, పడవల రాకపోకలకు కూడా అనుకునే తవ్వారు. తుంగభద్రలో పుట్టి ఎక్కని ముసలివాళ్ళు మా వైపు తక్కువ.

ఏ పడవ కొనాలి

ముందు పడవ కొని తర్వాత నేర్చుకుందామని అనుకోకండి. హుస్సేన్ సాగర్ ఒడ్డున యాచ్ క్లబ్ ఆఫ్ హైదరాబాద్ ఉంది, సికింద్రాబాద్ వైపు ఆర్మీ వాళ్ళ ఈఎంఈ సెయిలింగ్ అసోసియేషన్ ఉంది. క్లబ్బులో చేరి ఒక సీజన్ వాళ్ళ పడవల మీద నేర్చుకోండి, ఈత రాకపోతే ఆలోపు ఈత నేర్చుకోండి, అప్పుడు కొనండి. ఒక సీజన్ నడిపితే మీ బరువుకు, మీ ధైర్యానికి, మీ జేబుకు ఏది సరిపోతుందో మీకే తెలిసిపోతుంది.

ఒంటరిగా నడుపుకునేవాళ్ళకు నా మాట ఒకటే: లేజర్. 2019 నుంచి దీన్ని ఐఎల్‌సిఎ అంటున్నారు, ఒడ్డు మీద అందరూ ఇంకా లేజర్ అనే పిలుస్తారు. పొడవు 4.23 మీటర్లు, ఉత్త పడవ బరువు 59 కిలోలు. తెరచాప ఒక్కటే, దాన్ని నిలబెట్టే స్తంభం, అంటే మాస్టు, రెండు ముక్కలు, ఇద్దరు మనుషులు ఎత్తి లారీలో పెట్టెయ్యొచ్చు. పడవ అదే, తెరచాప, మాస్టు కింది ముక్క మారిస్తే మూడు సైజులవుతుంది: ఐఎల్‌సిఎ 7కు 7.06 చదరపు మీటర్ల గుడ్డ, 6కు 5.7 సుమారు, 4కు 4.7. ఎనభై కిలోల మనిషికి 7 సరిపోతుంది, అరవై అరవై ఐదు కిలోలున్నవాళ్ళకు 6, పదో తరగతి పిల్లలకు 4. నేను 64 కిలోలు, మొదటి ఏడాది మొండిగా 7 నడిపాను, గాలి లేచిన ప్రతిసారీ పడవ నన్ను నడిపింది. 6కు మారాకే రేసు మధ్యలో తల ఎత్తి చుట్టూ చూడగలిగాను.

చిన్న పడవ గదా అని తక్కువగా చూడకండి. టోక్యో ఒలింపిక్స్‌కు అర్హత సాధించిన తొలి భారతీయ మహిళా సెయిలర్, చెన్నై అమ్మాయి నేత్రా కుమనన్ నడిపింది ఇదే పడవ. హాంగ్జౌ ఏషియన్ గేమ్స్‌లో 2023లో నేహా ఠాకూర్ ఐఎల్‌సిఎ 4లో రజతం, విష్ణు శరవణన్ ఐఎల్‌సిఎ 7లో కాంస్యం తెచ్చారు. పన్నెండేళ్ళలోపు పిల్లలుంటే మాత్రం లేజర్ వద్దు, ఆప్టిమిస్ట్ కొనండి. 2.3 మీటర్ల డబ్బా లాంటి పడవ, 35 కిలోలు, స్కూలు పిల్లలకు అంతకన్నా మంచి గురువు లేదు.

సెకండ్ హ్యాండ్ పడవ చూసేటప్పుడు

కొత్తది కొనాలంటే మంచి కారు డబ్బులు కావాలి, అందుకే మనలాంటివాళ్ళం పాతదే చూస్తాం. పాత పడవలో చూడాల్సినవి ఎక్కువ లేవు గానీ ఉన్నవి మాత్రం వదలకూడదు. ఇక్కడే నేను దెబ్బ తిన్నాను కాబట్టి కాస్త వివరంగా చెప్తాను.

లేజర్ లోపల బోలు. కింది పెంకు, పై డెక్కు రెండూ ఫైబర్‌గ్లాసు, అంచు చుట్టూ అతికించి ఉంటాయి, మధ్యలో గాలి. ఆ అతుకు ఎక్కడ వదిలినా లోపలికి నీళ్ళు పోతాయి, డెక్కు లోపలుండే నురుగు పొర ఆ నీళ్ళు తాగి మెత్తబడుతుంది, బరువెక్కుతుంది. నాకు అమ్మినాయన పడవను తళతళలాడేలా పాలిష్ కొట్టించి చూపించాడు. నేను ఆ మెరుపే చూశాను, చేత్తో నొక్కి చూడలేదు. ఇంటికి తెచ్చాక ఎందుకో అనుమానం వచ్చి ఉల్లిగడ్డల మార్కెట్‌లో తెలిసినాయన కాటా మీద పెట్టించాను. హమాలీలు నలుగురూ పని ఆపి చుట్టూ చేరారు, వాళ్ళలో ఒకాయన "యాడ తోలుతారన్నా దీన్ని, తుంగభద్రలోనా?" అని అడిగాడు. కాటా 71 కిలోలు చూపించింది. పన్నెండు కిలోల నీళ్ళు పడవ కడుపులో ఉన్నాయి. పక్క పడవ వాడు 59 కిలోలు లాక్కుపోతుంటే నేను పన్నెండు కిలోలు అదనంగా మోస్తూ రేసు చెయ్యాలి.

కాబట్టి మీరు చెయ్యాల్సింది ఇది. కూర్చునే గుంట చుట్టూ, మాస్టు దిగే గుంట చుట్టూ డెక్కును బొటనవేలితో గట్టిగా నొక్కండి. గట్టిగా ఉంటే సరే, పచ్చి సున్నం గోడలా లోపలికి పోతే ఆ పడవ వద్దు. లోపలి నీళ్ళు తీసెయ్యడానికి వెనక ఉండే బిరడా తీసి పడవ ముక్కును పైకెత్తి పట్టండి, నీళ్ళు ధారగా కారితే ఎందుకని అడగండి. తర్వాత మాస్టు గుంటలో అంచు దాకా నీళ్ళు పోసి, నీటి మట్టం దగ్గర పెన్సిలుతో గీత పెట్టి, టీ తాగి రండి. గీత కన్నా కొంచెం దిగినా ఆ గొట్టం పగిలినట్టే, ఇది చిన్న రిపేరు అని ఎవరు చెప్పినా నమ్మకండి. మాస్టు మీద పడే బలమంతా ఆ గుంట మోస్తుంది, అది చీలితే మాస్టు డెక్కును చించుకుని పైకి లేస్తుంది.

అతుకులు పరీక్షించడానికి మన పంక్చర్ షాపు పద్ధతే. ట్యూబును నీళ్ళ తొట్టిలో ముంచితే బుడగలు వస్తాయి కదా, అలాగే బిరడా కన్నానికి గొట్టం పెట్టి నోటితో ఊదుతూ ఇంకొకరు అతుకుల వెంట సబ్బునీళ్ళు పూయాలి. నోటితోనే ఊదండి. ఎయిర్ కంప్రెసర్ పెడితే మంచి అతుకులు కూడా విడిపోతాయి. బుడగలు వచ్చిన చోట మార్కర్‌తో గుర్తు పెట్టి, రెండు మూడు వారాలు బిరడా తీసి నీడలో ఆరబెట్టి, ఆ తర్వాతే గరుకు కాగితంతో రుద్ది ఎపాక్సీ జిగురు పెట్టాలి. తడి మీద పెట్టిన ఎపాక్సీ పట్టదు. నా పడవకు డాగర్‌బోర్డు (పడవ మధ్యలో నీళ్ళలోకి దిగే పలక) గూడు దగ్గర, ముక్కు దగ్గర రెండు చోట్ల బుడగలు వచ్చాయి, ఒక ఎండాకాలమంతా ఆరబెట్టి అతికిస్తే 62 కిలోలకు దిగింది. నీళ్ళు ఆర్చడానికి కర్నూలు ఎండాకాలాన్ని మించిన మిషను లేదు, వడగాడ్పు అంత పొడిగా ఉంటుంది.

చుక్కాని, డాగర్‌బోర్డు అంచులు ఒకసారి వేలితో తడిమి చూడండి, చిన్న చిన్న నొక్కులుంటే పర్లేదు, నిలువునా చీలికలుంటే ధర తగ్గించమనండి. డాగర్‌బోర్డు లేని పుట్టిని గాలి ఎటు తోస్తే అటు పోతుంది, ఆ పలక వల్లే తెరచాప పడవ పక్కకు జారకుండా ఎదురుగాలిలో కూడా ముందుకు పోగలుగుతుంది.

ఎండ, దుమ్ము, కందిరీగలు

మనకున్న శత్రువు ఉప్పు కాదు, ఎండ. తెరచాప గుడ్డ పాలియెస్టరు, తాళ్ళలో ఎక్కువ భాగం కూడా పాలియెస్టరే, ఎండలోని అతినీల కిరణాలకు దారం దారం పెళుసెక్కుతుంది. కుట్లు మొదట పోతాయి. గోటితో కుట్టు మీద గీరితే దారం తెగిందంటే ఆ తెరచాపను వెంటనే కుట్టించాలి. మా ఊళ్ళో సీట్ కవర్లు కుట్టే ఆయన దగ్గర గట్టి మిషను ఉంటుంది, పాలియెస్టరు దారం మనమే తీసుకెళ్తే చక్కగా కుట్టి ఇస్తాడు, కాటన్ దారం మాత్రం వెయ్యనివ్వకండి.

తెరచాపను మడతలు పెట్టొద్దు. మడత పడిన చోటే రేపు పగుళ్ళు వస్తాయి. పట్టుచీరను కర్రకు చుట్టినట్టు పీవీసీ పైపుకు చుట్టి, గుడ్డ సంచిలో వేసి, మంచం కింద పెట్టండి. ఎలుకలు ఉన్న ఇల్లయితే పైన దండెం మీద వేలాడదియ్యండి.

పడవను బోర్లా వెయ్యాలా, వెల్లకిలా ఉంచాలా అని అందరూ అడుగుతారు. ఎలా ఉంచినా సరే, బరువు అంచుల మీద పడాలి. పడవ అడుగు నేలకో, బల్లకో ఆని నెలల తరబడి ఉంటే మన ఎండలకు అక్కడ గుంట పడుతుంది, గుంట పడిన అడుగుతో పడవ వేగం పోతుంది. రెండు సైకిల్ ట్యూబులు కట్టిన చెక్క స్టాండ్లు చేయించుకుని అంచులు వాటి మీద ఆనేలా పెట్టాను నేను.

ఇప్పుడు అసలు విషయం. షెడ్డులో ఉన్నంత కాలం బిరడా తీసే ఉంచండి. మే నెలలో రేకుల షెడ్డు కింద వేడి ఎలా ఉంటుందో మనకు చెప్పక్కర్లేదు, లోపలి గాలి వేడెక్కి వ్యాకోచిస్తుంది, బయటికి దారి లేకపోతే అతుకుల మీద ఒత్తిడి పెడుతుంది. కూర్చునే గుంట ముందు గోడలో ఒక సన్నని గాలి కన్నం తయారీలోనే పెడతారు, పని అదే. కానీ మా షెడ్డులో మట్టిగూళ్ళు కట్టే కందిరీగ ఒకటి ఆ కన్నాన్ని సరిగ్గా తనకోసమే పెట్టారనుకుని మట్టితో మూసేసింది. నేను చూసుకోలేదు. జూన్‌లో బయటికి తీసేసరికి ఎడమ అంచు అతుకు జానెడు మేర నోరు తెరిచి ఉంది. అప్పటి నుంచి నెలకోసారి అగ్గిపుల్లతో ఆ కన్నం పొడిచి చూస్తాను, బిరడా కన్నానికి దోమతెర ముక్క కట్టి ఉంచుతాను, గాలి ఆడుతుంది, పురుగు దూరదు.

మన దుమ్ము చేసే నష్టం మాస్టు గుంటలో కనిపిస్తుంది. మాస్టు ఆ గుంటలో అటూ ఇటూ తిరుగుతూ ఉంటుంది, అడుగున ఇసుక ఉంటే గరుకు కాగితంలా పని చేసి గొట్టం అడుగును అరగదీస్తుంది. మాస్టు దించే ముందు ప్రతిసారీ గుంట కడిగి గుడ్డతో తుడవండి, అడుగున ప్లాస్టిక్ బిళ్ళ వెయ్యడానికి క్లాస్ నియమాలు, అంటే ఈ రకం పడవలకు పెట్టిన నియమాలు, ఒప్పుకుంటాయి. అలాగే మాస్టు పై ముక్క అల్యూమినియం అయితే, రెండు ముక్కలు కలిసే చోటుండే కాలర్‌ను పట్టి ఉంచే రివెట్ దగ్గర ప్రతి నెలా చూడండి. అక్కడ కన్నం ఉంది కాబట్టి అక్కడే బలహీనం, వెంట్రుకంత పగులు కనిపించినా, తెల్లని పొడి కనిపించినా ఆ ముక్క పని అయిపోయింది. నాది ఒక ఆదివారం గాలి లేచినప్పుడు, చివరి రౌండులో, టప్‌మని ఆ రివెట్ దగ్గరే విరిగింది. ఇప్పుడు కాంపోజిట్, అంటే ఫైబరుతో చేసిన, పై ముక్కలకు అనుమతి ఉంది, ధర ఎక్కువే గానీ నేను అదే తీసుకున్నాను.

లారీ మీద ఎలా తీసుకెళ్ళాలి

కర్నూలు నుంచి హైదరాబాద్ 44వ నంబరు హైవే మీద 215 కిలోమీటర్లు, నాలుగు గంటల దారి. పడవ 4.23 మీటర్లు, అంటే దాదాపు 14 అడుగులు. 14 అడుగుల ఐషర్‌లో సరిగ్గా పడుతుంది. చిన్న ట్రాలీలో వేస్తే వెనక్కి బయటికి పొడుచుకొస్తుంది, బాడీ దాటి సరుకు బయటికి వస్తే ఫైను గట్టిగా వేస్తారు, రాత్రి పూట వెనక వచ్చేవాడికి ప్రమాదం కూడా. ఖాళీగా హైదరాబాద్ పోతున్న బండి దొరికితే రిటర్న్ లోడ్ కింద తక్కువకే మాట్లాడుకోవచ్చు, అందుకు ట్రాన్స్‌పోర్ట్ ఆఫీసులో ఒకరితో పరిచయం పెట్టుకోండి. సీజన్ నాలుగు నెలలు క్లబ్బులోనే ఉంచడానికి చోటు దొరికితే ఇంకా మంచిది, నేను అలాగే చేస్తున్నాను, జూన్‌లో పంపి అక్టోబరులో తెస్తాను.

పడవను బోర్లా వేసి, కింద పాత పరుపు ముక్కలు పరిచి, వెడల్పాటి బెల్టులతో కట్టండి. సన్న తాడు వద్దు, కోసేస్తుంది. బెల్టును చేత్తో లాగి బిగించినంత చాలు, లారీ క్లీనరు అలవాటు కొద్దీ రాడ్డు వేసి తిప్పుతాడు, పక్కనే నిలబడి వద్దని చెప్పండి, ఫైబర్ పెంకు పచ్చడవుతుంది. మాస్టు ముక్కలు, తెరచాప కింది అంచును పట్టి ఉంచే అడ్డకర్ర బూమ్ విడిగా దుప్పటిలో చుట్టి పెట్టండి. చుక్కాని, డాగర్‌బోర్డు, తెరచాప మీతోపాటు బస్సులోనో కారులోనో తెచ్చుకోండి, ఆ మూడూ లారీకి ఇవ్వొద్దు.

శ్రీశైలం వెనక జలాలు ఇంత దగ్గర ఉండగా హైదరాబాద్ దాకా ఎందుకు అని మీకు అనిపిస్తుంది. నాకూ అనిపించింది. గండికోట, అవుకు, శ్రీశైలం, ఏదైనా సరే సంబంధిత అధికారుల అనుమతి లేకుండా సొంత పడవ దించకండి. 2019 సెప్టెంబరులో కచ్చులూరు దగ్గర గోదావరిలో జరిగిన పడవ ప్రమాదం ఎవరూ మర్చిపోలేదు, మర్చిపోకూడదు కూడా. పైగా మన రిజర్వాయర్ల అడుగున ఊళ్ళున్నాయి. సంగమేశ్వరం గుడే చూడండి, నీళ్ళు తగ్గితే శిఖరం బయటపడుతుంది, నీళ్ళు నిండితే గుడి మొత్తం మునిగిపోతుంది. మట్టం మధ్యస్థంగా ఉన్నప్పుడు మీ డాగర్‌బోర్డు ఏ గోడకు, ఏ మొద్దుకు తగులుతుందో పైనుంచి తెలియదు. సాయం పడవ లేని చోట ఒంటరిగా దిగొద్దు.

గాలిని అర్థం చేసుకోవడం

ఆషాఢం గాలి అంటే ఏంటో మన జిల్లాల వాళ్ళకు ఎవరూ నేర్పక్కర్లేదు. రామగిరి కొండల మీద గాలిమరలు పెట్టింది ఊరికే కాదు. జూన్ నుంచి ఆగస్టు దాకా పడమటి గాలి తోస్తూనే ఉంటుంది, హుస్సేన్ సాగర్‌లో పెద్ద రెగట్టాలు, అంటే పడవ పోటీలు, వానాకాలంలో పెట్టేది కూడా అందుకే.

ఒక్క లెక్క గుర్తుంచుకోండి: గాలి వేగం రెండింతలైతే తెరచాప మీద బలం నాలుగింతలవుతుంది. 7 నాట్ల (ఒక నాట్ అంటే గంటకు 1.85 కిలోమీటర్లు) గాలిలో హాయిగా నడిపినవాళ్ళు 14 నాట్లలో దిగి, రెండింతలే కదా అనుకుంటారు, పది నిమిషాల్లో నీళ్ళలో ఉంటారు. గాలి పెరిగితే తెరచాప చదునుగా చెయ్యాలి. దానికి మూడు తాళ్ళున్నాయి. బూమ్‌ను కిందికి లాగేది వ్యాంగ్, ముందు అంచును కిందికి లాగేది కనింగ్‌హామ్, కింది అంచును వెనక్కి లాగేది అవుట్‌హాల్. గాలి పెరిగే కొద్దీ మూడూ బిగించడం, తగ్గే కొద్దీ వదలడం. చదునైన గుడ్డ గాలిని తక్కువ పడుతుంది, ఉబ్బిన గుడ్డ ఎక్కువ పడుతుంది. ఇది పతంగి ఎగరేసిన ప్రతి పిల్లాడికీ తెలుసు.

తెరచాప ముందు అంచు దగ్గర రెండు వైపులా ఉన్ని దారం ముక్కలు అతికించండి, జానెడు చాలు. రెండూ వెనక్కి సూటిగా పారుతుంటే మీ కోణం సరైనదే. మీ వైపు దారం ఎగిరెగిరి పడుతుంటే మరీ గాలికెదురుగా పోతున్నారు, అవతలి దారం పడిపోతే పడవ ముక్కును గాలి వైపు కొంచెం తిప్పండి లేదా తెరచాప తాడు కాస్త వదలండి.

పడవ బోల్తా పడుతుంది, అందరిదీ పడుతుంది. లైఫ్ జాకెట్ లేకుండా ఎప్పుడూ దిగొద్దు. పడితే ముందు తెరచాప తాడు పూర్తిగా వదిలెయ్యండి, పడవను మాత్రం వదలకండి, ఈదుకుంటూ ఒడ్డుకు పోదామని అస్సలు అనుకోకండి. అడుగు వైపుకు ఈది డాగర్‌బోర్డు ఎక్కి నిలబడి వెనక్కి వాలితే మెల్లగా లేస్తుంది. మాస్టును డెక్కుకు తాడుతో కట్టి ఉంచకపోతే తలకిందులైనప్పుడు గుంటలోంచి జారిపోతుంది, చుక్కాని క్లిప్పు కూడా చూసుకోవాలి. ప్రతి తాడు చివర ఎనిమిది అంకె ముడి, లాగే చోట బోలైన్ ముడి, ఈ రెండు ముడులు కళ్ళు మూసుకుని వెయ్యగలిగేదాకా టీవీ ముందు కూర్చుని ప్రాక్టీసు చెయ్యండి.

రేసు రోజు

మొదటి రేసుకు ముందు అందరికీ ఉండే టెన్షన్ రూల్స్ గురించే. ప్రపంచమంతా ఒకే రూల్స్ పుస్తకం, అంతర్జాతీయ సంస్థ వరల్డ్ సెయిలింగ్ నాలుగేళ్ళకోసారి సవరిస్తుంది, ఇప్పుడున్నది 2025 నుంచి 2028 దాకా. దాంట్లో మొదటి ఏడాదికి ఇవి వస్తే చాలు. గాలి మీ కుడి వైపు నుంచి వస్తుంటే మీరు స్టార్‌బోర్డ్, దారి మీది. ఎడమ నుంచి వస్తుంటే పోర్ట్, మీరే తప్పుకోవాలి. ఇద్దరికీ ఒకే వైపు గాలి ఉంటే గాలి వచ్చే వైపున్నవాడు అవతలి వైపున్నవాడికి దారి ఇవ్వాలి, వెనకున్నవాడు ముందున్నవాడికి ఇవ్వాలి. మలుపు గుర్తుగా నీళ్ళ మీద తేలే బోయ్‌కు మూడు పడవల పొడవు దూరంలోకి వచ్చేసరికి లోపలి వైపున్నవాడికి తిరగడానికి చోటివ్వాలి. బోయ్‌ను తాకితే ఒక చుట్టు, ఇంకొక పడవ విషయంలో తప్పు చేస్తే రెండు చుట్లు తిరగాలి. తప్పు మీదని తెలిస్తే ఎవరూ అరవకముందే తిరిగెయ్యండి, రెండు చుట్లకు పోయేది అర నిమిషం, వాదిస్తే పోయేది రేసు మొత్తం.

స్టార్టు అయిదు నిమిషాల వ్యవహారం. అయిదు నిమిషాలకు క్లాస్ జెండా, నాలుగు నిమిషాలకు రెండో జెండా లేస్తాయి, ఒక నిమిషం ఉండగా ఆ రెండోది దిగుతుంది, సున్నాకు క్లాస్ జెండా దిగితే పరుగు. జెండాలే చూడండి, కూత లేటుగా వినిపిస్తుంది. చవకరకం డిజిటల్ వాచీ చాలు, కౌంట్‌డౌన్ ఉండాలి అంతే.

నా రేసులు బాగుపడింది స్టార్టు గీత (రెండు గుర్తుల మధ్య నీళ్ళ మీద ఊహించుకునే గీత) నేర్చుకున్నాకే. గీత రెండు చివర్లలో ఏది గాలికి దగ్గరో ముందే తెలుసుకోవాలి. గీత మధ్యకు పోయి పడవ ముక్కును సూటిగా గాలికెదురుగా నిలపండి, తెరచాప రెపరెపలాడుతుంది, ముక్కు ఏ చివర వైపు కాస్త వాలి ఉందో ఆ చివర నుంచి బయల్దేరడం లాభం. తర్వాత గీత చివర నిలబడి రెండో చివరను, దాని వెనక గట్టు మీదున్న ఏదైనా చెట్టునో భవనాన్నో ఒకే వరసలో చూసి గుర్తుపెట్టుకోండి. మధ్యలో ఉన్నప్పుడు గీత ఎక్కడుందో కనపడదు, ఆ గుర్తు చూస్తే తెలిసిపోతుంది. కొత్తవాళ్ళు భయంతో గీతకు రెండు పడవల పొడవు వెనక నిలబడి ఉంటారు, నేను రెండేళ్ళు అలాగే నిలబడ్డాను, ఈ గుర్తు పద్ధతి తెలిసిన వారం నుంచి ముందు వరసలో బయల్దేరుతున్నాను. గీత ముందే దాటితే ఎక్స్ జెండా లేస్తుంది, మీరేనని అనుమానముంటే వెనక్కొచ్చి మళ్ళీ దాటండి.

ఎదురుగాలికి సూటిగా పోలేం, ఘాట్ రోడ్డులా మలుపులు తిరుగుతూ ఎక్కాలి. చుట్టూ భవనాలున్న చెరువులో గాలి ఒక దిక్కున నిలవదు, అయిదు పది నిమిషాలకోసారి అటూ ఇటూ తిరుగుతుంది. గాలి మీ ముక్కు మీదికి తిరిగి మిమ్మల్ని మలుపు బోయ్‌కు దూరంగా తోస్తుంటే వెంటనే ట్యాక్ చేసి, అంటే ముక్కును గాలి మీదుగా అవతలికి తిప్పి, రెండో వైపు తీసుకోండి, అటు మీరు బోయ్ వైపు ఇంకా సూటిగా పోగలుగుతారు. పక్క పడవ ఎంత వేగంగా పోతోందని చూడటం కన్నా నీళ్ళ మీద గాలి నల్లగా పరుచుకుంటూ వచ్చే మచ్చలు చూడటం మేలు.

పాయింట్లు తిరగేసి ఉంటాయి: మొదటివాడికి 1, రెండోవాడికి 2, తక్కువ మొత్తం వచ్చినవాడు గెలుస్తాడు. సిరీస్‌లో సరిపడా రేసులు జరిగితే అన్నిటికన్నా చెత్త ఫలితాన్ని తీసేస్తారు. అందుకే ఒక రేసులో మొదటి స్థానం కోసం ప్రమాదం తెచ్చుకునే కన్నా ప్రతి రేసూ పూర్తి చేసినవాడు పైన ఉంటాడు, పూర్తి చెయ్యకపోతే పోటీకి వచ్చిన పడవల సంఖ్యకు ఒకటి కలిపి మీ ఖాతాలో వేస్తారు.

పెద్ద పడవ మీద మనసు పడితే

సముద్రం మీద కీల్ బోటు (అడుగున బరువైన కీల్ అనే రెక్క ఉండే పడవ) కావాలనేవాళ్ళకు కొన్ని మాటలు మాత్రం చెప్తాను, సొంతంగా కొనలేదు, ఇద్దరు ముగ్గురి పడవల మీద సిబ్బందిగా వెళ్ళాను. జె/24 లాంటి 24 అడుగుల పడవే 1,400 కిలోల బరువు, అందులో 430 కిలోలు సీసపు కీల్. రేసుకు అయిదుగురు కావాలి. కాబట్టి ఒక్కరే కొనకండి, నలుగురు కలిసి కొని ఖర్చు, పని రెండూ కాగితం మీద రాసుకోండి.

ఉప్పునీళ్ళలో లెక్క వేరు. మాస్టును నిలబెట్టే స్టీలు తీగలను పదేళ్ళకు మార్చెయ్యాలి, తీగ చివరలు గొట్టాల్లోకి దూరే చోట లోపల్లోపల తుప్పు పడుతుంది, పైకి మెరుస్తూనే ఉంటుంది. పాత గుడ్డతో తీగ వెంట తుడుచుకుంటూ పోండి, పోగు తెగి ఉంటే గుడ్డకు పట్టుకుంటుంది. అడుగున ఉన్న ప్రతి నీటి కవాటం పక్కన అది పగిలితే దిగగొట్టడానికి సరిపడే చెక్క బిరడా తాడుతో కట్టి ఉంచాలి. పడవ లోహాలు తుప్పు పట్టకుండా వాటి బదులు తామే కరిగే దిమ్మలు పెడతారు, సముద్రంలో జింకు దిమ్మలు వాడితే, అదే పడవ మంచినీళ్ళలో ఉంటే మెగ్నీషియం వాడాలి, దిమ్మ సగం కరిగితే మార్చాలి. డీజిలు ట్యాంకు నిండుగా ఉంచితే లోపల తేమ చేరదు. చెన్నైలో అక్టోబరు నుంచి డిసెంబరు దాకా తుపాన్ల కాలం, ఆ నెలల్లో పడవ గట్టు మీద ఉండాలి.

పెద్ద పడవంటే భయపడేవాళ్ళకు ఒక్కటి చెప్తాను. 2017 సెప్టెంబరులో గోవా నుంచి బయల్దేరి 2018 మేలో తిరిగొచ్చిన 56 అడుగుల తెరచాప పడవ తారిణిలో ఆరుగురు నేవీ అమ్మాయిలు ప్రపంచాన్ని చుట్టారు, వాళ్ళలో ఇద్దరు తెలుగువాళ్ళు, విశాఖ అమ్మాయి స్వాతి, హైదరాబాద్ అమ్మాయి ఐశ్వర్య. సముద్రం మధ్యలో ఏది పాడైనా బాగు చేసుకున్నది వాళ్ళ చేతులతోనే.

రేసు అయ్యాక

ఒడ్డుకు రాగానే ఆకలేస్తుంది, ఫలితాల బోర్డు దగ్గరికి పోవాలనిపిస్తుంది. ముందు పడవ పని చెయ్యండి. హుస్సేన్ సాగర్ నీళ్ళు పడవకూ మీకూ మంచివి కావు, మంచినీళ్ళతో పడవ, తెరచాప, తాళ్ళు, లైఫ్ జాకెట్, తర్వాత మీరు, అన్నీ కడగాలి. చేతికి గాయముంటే ఆ రోజు దిగకపోవడమే మేలు. తెరచాపను గాలికి రెపరెపలాడనిస్తూ ఆరబెట్టొద్దు, గుడ్డలోని జిగురు పోయి మెత్తబడుతుంది, నీడలో పరిచి ఆరాక పైపుకు చుట్టండి. మాస్టు రెండు ముక్కలు విడదీయండి, కలిపే ఉంచేస్తే మధ్యలో మట్టి చేరి బిగుసుకుపోతాయి, మరుసటి వారం ఇద్దరు లాగినా రావు. తాళ్ళను వదులుగా చుట్టి వేలాడదియ్యండి.

చివరికి వెనక బిరడా తీసి, ముక్కు పైకెత్తి, ఎన్ని నీళ్ళు కారాయో చూడండి. ఒక టీ గ్లాసు అయితే సరే. చెంబుడు అయితే ఇంటికెళ్ళాక సబ్బునీళ్ళు కలపాలి. ఆ బిరడాను మళ్ళీ పెట్టెయ్యకండి, తాళ్ళ సంచిలో పై అరలో వెయ్యండి, వచ్చే ఆదివారం పడవ నీళ్ళలో దించే ముందు చెయ్యి మొదట దానికే తగలాలి.